ఆరు ట్రిప్పులు, సున్నా చేపలు: టౌన్ మధ్య క్రీక్‌లో ఒక ట్రౌట్ కేసు

నేను అమెరికాలో పన్నెండేళ్ళుగా ఫ్లై ఫిషింగ్ చేస్తున్నా (ఎర బదులు, ఈకలు, దారంతో పురుగులా కట్టిన హుక్‌తో చేపలు పట్టడం, ఆ హుక్‌నే ఫ్లై అంటారు), ఐదారేళ్ళుగా వీకెండ్స్‌లో కొత్తవాళ్ళకి నేర్పిస్తున్నా. డబ్బులు తీసుకోను, కాఫీ తాగిస్తే చాలు. నేర్పిన ప్రతి మనిషి గురించి ఒక నోట్‌బుక్‌లో రాసుకునే అలవాటు ఉంది, ఏ రోజు వెళ్ళాం, నీళ్ళ టెంపరేచర్ ఎంత, ఏం మార్చాం, మార్చాక ఏం జరిగింది. ఈ కేసు 2024 సీజన్‌ది. దీన్ని ఎందుకు రాస్తున్నానంటే ఇందులో ఎక్కువ తప్పులు నేర్చుకునేవాడివి కావు, నేర్పేవాడివి.

మనిషిని రావు గారు అందాం, అసలు పేరు అది కాదు. ఉద్యోగం, ఉండే టౌన్ చెప్పను. క్రీక్ (వాగు) పేరు కూడా చెప్పను, చెప్తే వచ్చే ఏప్రిల్‌లో అక్కడ నాకే నిలబడడానికి చోటుండదు. పెన్సిల్వేనియాలోని ఫిలడెల్ఫియా శివార్లలో ఇలాంటివి చాలా ఉన్నాయి, విస్సాహికన్, పెన్నీప్యాక్, రిడ్లీ లాంటివి. మాది వాటికంటే చిన్నది. ఒక పక్క ఇళ్ళ పెరళ్ళు, ఇంకో పక్క జనం జాగింగ్ చేసే ట్రైల్, కుక్కలు, స్ట్రోలర్లు, మధ్యలో పాతిక ముప్ఫై అడుగుల వెడల్పు నీళ్ళు. లోతు ఎక్కువ చోట్ల మోకాలు దాకా, వంతెన కింద మడుగులో మాత్రం నడుము పైకి.

అసలు ఇక్కడ చేపలు ఎలా వస్తాయంటే

ఇది అర్థం కాకపోతే మిగతాదేదీ అర్థం కాదు. మన ఊళ్ళలో చెరువులో చేపపిల్లల్ని వదిలి, పెరిగాక పడతారు. ఇక్కడ పెరిగిన చేపనే తెచ్చి వదిలి పడతారు. పెన్సిల్వేనియా ఫిష్ అండ్ బోట్ కమిషన్ ఏడాదికి సుమారు 32 లక్షల పెద్ద ట్రౌట్లని (చల్లటి నీళ్ళ చేపలు) రాష్ట్రంలోని వాగుల్లో, చెరువుల్లో వదులుతుంది, సగటు సైజు 11 అంగుళాలు. ఎక్కువ రెయిన్‌బో, తర్వాత బ్రౌన్, కొంచెం బ్రూక్. ఈ మూడిట్లో ఇక్కడి సొంత చేప బ్రూక్ ఒక్కటే, రెయిన్‌బో పసిఫిక్ తీరం నుంచి, బ్రౌన్ యూరప్ నుంచి వచ్చినవి. ట్రౌట్ అంటే మనకి ఊటీ, కశ్మీర్ గుర్తొస్తాయి కదా, అక్కడ కూడా తెల్లవాళ్ళు తెచ్చి వదిలినవే.

వదిలే పద్ధతి (దీన్నే స్టాకింగ్ అంటారు) ఏంటంటే ట్యాంక్ ట్రక్ వస్తుంది, బకెట్లతో వాలంటీర్లు నీళ్ళలో పోస్తారు. ట్రక్ రోడ్డు మీదే కదా ఆగేది, అందుకని చేపలన్నీ మొదట వంతెనల దగ్గర, పార్కింగ్ దగ్గర మడుగుల్లో ఉంటాయి. జనం కూడా అక్కడే ఉంటారు. ఫిబ్రవరి మూడో సోమవారం తర్వాత ఈ స్టాకింగ్ నీళ్ళని మూసేసి, ఏప్రిల్ మొదటి శనివారం పొద్దున 8 గంటలకి తెరుస్తారు. 2024లో అది ఏప్రిల్ 6. లైసెన్స్ కాక విడిగా ట్రౌట్ పర్మిట్ కావాలి, 7 అంగుళాలు దాటిన చేపలు రోజుకి 5 దాకా ఇంటికి పట్టుకెళ్ళొచ్చు. ఆ రోజు మడుగు చుట్టూ చూస్తే పుష్కరాల రేవు గుర్తొస్తుంది, భుజం భుజం రాసుకుంటూ నిలబడతారు.

రావు గారి సమస్య

రావు గారు ఏప్రిల్ 6 నుంచి నన్ను కలిసేదాకా ఆరు సార్లు వెళ్ళారు. ఒక్క చేప పడలేదు. ఎనిమిదిన్నర అడుగుల 4 వెయిట్ రాడ్ (తేలికరకం గాలం కర్ర), మంచి రీల్, వేడర్లు (తడవకుండా నీళ్ళలో నిలబడడానికి వేసుకునే తొడుగు), రెండు డబ్బాల ఫ్లైలు అన్నీ కొన్నారు. పక్కన పదేళ్ళ పిల్లాడు ముద్దలా ఉండే పవర్‌బైట్ ఎర గుచ్చి, కుర్చీలో కూర్చుని, చిప్స్ తింటూ నాలుగు చేపలు పట్టాడు. "వాడి ముందు నేను నీళ్ళలో నిలబడి ఈగలు తోలుకుంటున్నట్టు ఉందండీ బాబూ" అన్నారు ఫోన్‌లో. ఇంట్లో కూడా అడుగుతున్నారంట, ఆ డబ్బుతో ఎన్ని చేపలు కొనొచ్చో లెక్క కట్టి మరీ.

ఆయన అడిగింది ఒకటే, ఏ ఫ్లై వాడాలి అని. కొత్తవాళ్ళు అందరూ అడిగేది అదే. దానికి జవాబు చెప్పకుండా ముందు మీరు వేసేది చూస్తా అన్నా, అంతవరకు బానే ఉంది.

నేను అడగాల్సి ఉండి అడగనిది ఇంకొకటి ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తా.

మొదటి సెషన్: చెయ్యి సరిచేద్దాం అనుకున్నా

ఏప్రిల్ చివరి శనివారం, వంతెన మడుగు. నేను గట్టు మీద కూర్చుని అరగంట చూసా. లైన్ వెనక్కి విసిరితే వెనకున్న చెట్టుకి, ముందుకి విసిరితే ఎదురు గట్టు పొదకి. ఒకసారి ట్రైల్ మీద పోతున్న ఆవిడ టోపీకి కొంచెంలో తప్పింది. నా తీర్పు ఏంటంటే, సమస్య కాస్టింగ్, అంటే లైన్ విసిరే తీరు. ఇది నిజంగా సమస్యే, కానీ కళ్ళకి కనబడే సమస్య కాబట్టి అదే అసలు సమస్య అనుకున్నా.

వెనక జాగా లేని చోట రోల్ కాస్ట్ వెయ్యాలి, లైన్‌ని వెనక్కి ఎగరెయ్యకుండా నీళ్ళ మీద నుంచే చక్రంలా ముందుకి దొర్లించడం. రెండు గంటల్లో నేర్చుకున్నారు, చెయ్యి బాగా తిరుగుతుంది ఆయనకి. ముప్ఫై అడుగులు సాఫీగా వేస్తున్నారు. చేపలు మాత్రం సున్నా.

ఇంకా చెప్పాలంటే నేను ఆయన్ని కొంచెం చెడగొట్టాను. చేతకాక పదిహేను అడుగుల్లో వేసే మనిషి ఇప్పుడు ఎదురు గట్టు దాకా వెయ్యడం మొదలెట్టారు. క్రీక్‌లో అడ్డంగా వేస్తే ఏమవుతుందంటే, మధ్యలో నీళ్ళు జోరుగా పోతుంటాయి, రెండు గట్ల పక్కన మెల్లగా పోతాయి. లైన్ ఆ జోరు నీటి మీద పడి విల్లులా వంగి, దాని చివర ఉన్న ఫ్లైని ఈడ్చుకుపోతుంది. నిజమైన పురుగు ఏదీ నీళ్ళలో అలా అడ్డంగా పరిగెత్తదు. దీన్నే డ్రాగ్ అంటారు. ఆ రోజు నోట్‌బుక్‌లో "కాస్ట్ బాగుంది, మెండింగ్ నేర్పాలి" అని మాత్రమే రాసుకున్నా. మెండింగ్ అంటే ఫ్లైని లాక్కుపోకుండా, నీళ్ళ మీద పడ్డ లైన్‌ని ఎత్తి ఎదురు నీటివైపు వెయ్యడం.

రెండో సెషన్: ఫ్లైల సంత

తర్వాతి ఆదివారం ఫ్లైల మీద పడ్డా. ఆలోచన ఇది: స్టాకింగ్ చేప హేచరీలో (చేపల్ని పెంచే కేంద్రం) పెల్లెట్ మేత తిని పెరుగుతుంది, మొదటి రోజుల్లో మేతలా గుడ్డులా కనబడేది ఏదైనా నోట్లో పెట్టుకుంటుంది, తర్వాత జనం దెబ్బలకి రంగులు చూస్తే పక్కకి పోతుంది, అప్పుడు చిన్నవి, నల్లవి పనిచేస్తాయి. ఈ లెక్క తప్పేం కాదు. అందుకని గుడ్డు ప్యాటర్న్, శాన్ హ్వాన్ వర్మ్, వూలీ బగ్గర్, పెన్సిల్వేనియా వాళ్ళ ముద్దుబిడ్డ గ్రీన్ వీనీ, చివరికి 20 సైజు జీబ్రా మిడ్జ్ దాకా దిగాం, ఇవన్నీ ఫ్లైల రకాలు, సైజు నంబర్ పెరిగేకొద్దీ ఫ్లై చిన్నది. టిప్పెట్ (ఫ్లైకి కట్టే చివరి సన్న దారం) కూడా 4ఎక్స్ నుంచి 6ఎక్స్‌కి మార్చా, అంటే 0.007 అంగుళం మందం నుంచి 0.005కి.

ఇక్కడ నా రెండో తప్పు. ఫ్లై, సైజు, టిప్పెట్ అన్నీ గంటలో మార్చేసాను. ఒక చేప తగిలింది. తగిలినప్పుడు పనిచేసింది ఏదో తెలీదు. పైగా ఆ చేప కూడా దక్కలేదు, బెండు మునిగీ మునగ్గానే రావు గారు రాడ్‌ని రెండు చేతులతో ఆకాశంలోకి లేపారు, 6ఎక్స్ దారం టప్పున తెగింది.

(బెండు అంటున్నా కదా, ఫ్లై వాళ్ళు దాన్ని ఇండికేటర్ అంటారు. నురగతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన చిన్న బుడగ, అంతే. పేరు మారిస్తే ధర మారుతుంది.)

నేను రాసుకున్నది: "కంగారు పడ్డారు, కొత్త." ఇప్పుడు ఆ లైన్ చదివితే సిగ్గేస్తుంది. కొత్తవాడు చేప తగిలితే బిగుసుకుపోతాడు, లేదా ఆలస్యంగా లాగుతాడు. ఈయన లాగింది అరక్షణంలో, అలవాటైన చేత్తో, మోతాదు మాత్రమే వేరే చేపది. కొరమేనుని గడ్డిలోంచి పైకి లేపడానికి కావాల్సిన దెబ్బ అది. ఆ లాగుడే నాకు చెప్పాలి ఈయనకి చేపలు కొత్త కాదు అని. నాకు వినబడలేదు. నేను పుట్టి పెరిగింది హైదరాబాద్, అక్కడ నేను చేపని చూసింది రాంనగర్ మార్కెట్లో, గాలం ముట్టుకున్నదే ఈ దేశం వచ్చాక. నాకు నేర్పినాయన ఎలా నేర్పాడో అదే వరసలో అందరికీ నేర్పేస్తున్నా.

మూడో సెషన్: చోటు, వేళ

మే మొదటి వారంలో ఒక మంగళవారం ఆయన సెలవు పెట్టారు, నేనూ పెట్టా. ఈసారి ఒక్కటే మారుద్దాం అనుకున్నా, చోటు. వంతెన మడుగు వదిలేసి పైకి ఆరేడు వందల అడుగులు నడిచాం. అక్కడ పెద్ద మడుగు లేదు, రాళ్ళు, వాటి మధ్య చిన్న చిన్న గుంటలు, మోకాలు లోతు నీళ్ళు, చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది, అందుకే అక్కడ ఎవరూ ఆగరు.

ఎందుకు ఆ చోటు? స్టాకింగ్ చేప వదిలిన చోటే సీజనంతా ఉండిపోదు. కొన్నాళ్ళకి, ముఖ్యంగా వాన పడి నీళ్ళు పెరిగాక, చెదిరిపోతుంది. దానికి తోడు మడుగులో పొద్దున్నుంచి ముప్ఫై మంది బూట్లు, సీసం గుండ్లు. ఆ వారం మడుగులో ఒక గోల్డెన్ రెయిన్‌బో కూడా ఉంది, నారింజ పసుపు రంగు, వెస్ట్ వర్జీనియా హేచరీలో 1950ల్లో మొదలైన రకం, ట్రైల్ మీద నుంచి కూడా కనబడుతుంది పాపం. ఒక్క దాని కోసం పది పన్నెండు గాలాలు. అది తినదు, పక్కనున్నవాటిని తిననివ్వదు ఆ గోల. అంత గోలలో తెలివైన చేపైనా తెలివితక్కువ చేపైనా పక్క నీళ్ళలోకి జరుగుతుంది.

థర్మామీటర్ పెట్టా, 54 డిగ్రీల ఫారెన్‌హీట్. ట్రౌట్‌కి హాయిగా ఉండే నీళ్ళు, కాబట్టి చేప మేత మానేసింది అనే సాకు లేదు. పోలరైజ్డ్ కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే ఒక బల్లపరుపు రాయి వెనక మూడు రెయిన్‌బోలు, ముక్కులు ప్రవాహానికి ఎదురుగా, మధ్యమధ్యలో పక్కకి జరిగి నోరు తెరిచి మళ్ళీ వెనక్కి వస్తున్నాయి. తింటున్నాయి! రావు గారిని కింద నుంచి రమ్మన్నా, చేప ఎదురు నీటికి చూస్తుంది కాబట్టి వెనక నుంచి వెళ్తే కనబడం. ఆయన వేసారు, చక్కగా పడింది, బెండు తేలుకుంటూ చేపల మీదుగా పోయింది. ఏమీ లేదు. నలభై సార్లు వేసారు. ఏమీ లేదు.

అప్పుడు నేను నీళ్ళలోకి దిగకుండా గట్టు మీద బోర్లా పడుకుని ఫ్లైని చూసా, దాని తలకున్న బీడ్ (లోహపు పూస) మెరుస్తుంది కాబట్టి కనబడింది. చేపలు అడుగున ఉన్నాయి. ఫ్లై వాటి తలల మీద అడుగు ఎత్తులో, వాటికంటే రెట్టింపు వేగంతో పోతుంది. నీటి ధర్మం అది, అడుగున రాళ్ళ రాపిడికి నీళ్ళు మెల్లగా కదులుతాయి, పైన జోరుగా. బెండు పై నీటిలో ఉంటుంది, ఫ్లై కింద నీటిలో ఉండాలి, కానీ పైది కింద దాన్ని లాక్కుపోతుంది. చేప దృష్టిలో అది గాల్లో ఎగిరిపోతున్న ఇడ్లీ.

సరే అని సీసం గుండు పెంచా. ఫ్లై అడుక్కి దిగింది, మూడోసారికి రాయికి పట్టుకుంది, తెగింది. గుండు తగ్గిస్తే పైకి. బెండు కిందకీ పైకీ జరిపి జరిపి, మెండ్ చెయ్యండి మెండ్ చెయ్యండి అని నేను అరుస్తుంటే, ఆయన మెండ్ చేసినప్పుడల్లా ఫ్లై ఎగిరి గంతేస్తుంది. గంటన్నర. ఇద్దరికీ విసుగొచ్చింది.

రాయి మీద కూర్చున్నప్పుడు

ఫ్లాస్క్‌లో కాఫీ తాగుతూ కూర్చున్నాం. ఆయన తెగిపోయిన మోనో దారం ముక్క ఒకటి తీసుకుని, చివర గుండు కట్టి, రెండో కొస చూపుడు వేలి మీదుగా వేసుకుని ఊరికే ఆ గుంటలో జారవిడిచారు. హుక్ కూడా లేదు, ఊసుపోక.

"మా కాలవలో ఇలాగే వేసేవాళ్ళమండీ. తూము దగ్గర నీళ్ళు దూకుతాయి కదా, అక్కడ కర్రా బెండూ పనిచెయ్యవు, బెండు ఊరికే కొట్టుకుపోద్ది. దారం వేలు మీద పెట్టుకుని ఎర్ర గుచ్చి వదిలితే, గుండు రాయి రాయికీ తగులుతూ పోతుంటే వేలికి తెలుస్తా ఉంటది. చేప ముట్టుకుంటే అది వేరే తెలుస్తది."

ఎర్ర అంటే వానపాము, గోదావరి వైపు అలాగే అంటారు. నేను కాఫీ పక్కన పెట్టా. ఎన్నేళ్ళు వేసారు అలా అంటే, "ఏడో క్లాసు నుంచి ఇంజనీరింగ్‌కి వెళ్ళేదాకా, ఎండాకాలం కాలవ కట్టేసిన రోజులు తప్ప రోజూ" అన్నారు. నెమలీక కాడతో బెండు చెయ్యడం, జెల్లకి ఎంత సేపు ఆగాలి, కొరమేనుకి ఎంత గట్టిగా లాగాలి, ఆయన చెప్తుంటే నేను మూడు సెషన్లుగా ఏ మనిషికి ఓనమాలు దిద్దించానో అర్థమైంది. ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదండీ అంటే ఆయన జవాబు, "మీరు అడగలేదు కదండీ, అది గాలం, ఇది ఫ్లై ఫిషింగ్ కదా."

ఆయన వేలి మీద చేస్తున్నది టైట్ లైన్ నింఫింగ్ (నింఫ్ అంటే నీటిపురుగు పిల్లలా ఉండే ఫ్లై). యూరో నింఫింగ్ అని మంచి రేటుకి రాడ్లు అమ్ముతారు దీనికోసం. సూత్రం ఒకటే, బెండు ఉండదు, నీటి మీద లావు లైన్ ఉండదు, రాడ్ చివర నుంచి ఫ్లై దాకా సన్న దారం బిగువుగా, బరువున్న ఫ్లై అడుగు నీటి వేగంతో నడుస్తుంది, చేప ముట్టుకుంటే దారం చెప్తుంది.

ఏం మార్చాం, ఎందుకు

బెండు తీసేసా. ఫ్లై లైన్ రీల్ లోపలే ఉండేలా పొడవాటి మోనో లీడర్ (లైన్‌కీ ఫ్లైకీ మధ్య ఉండే నైలాన్ దారం) కట్టా, మధ్యలో అడుగున్నర రంగు దారం, కంటికి కనబడడానికి. దాని కింద 5ఎక్స్ నాలుగడుగులు. 6ఎక్స్ కాదు, ఎందుకంటే ఆయన లాగుడు నాకు తెలుసు ఇప్పుడు. 4ఎక్స్ కూడా కాదు, సన్న దారం నీటిని కోసుకుంటూ త్వరగా దిగుతుంది, చేపకి కనబడకపోవడం కంటే నాకు అదే ముఖ్యం. చివర ఒకే ఒక్క ఫ్లై, 14 సైజు వాల్ట్స్ వర్మ్, టంగ్‌స్టన్ బీడ్‌తో. హుక్ ముళ్ళు ప్లయర్‌తో నొక్కేసా. రెండు ఫ్లైలు కడితే ఎక్కువ అవకాశం అంటారు, కానీ ఆయన వేలికి ఒక్క బరువు భాషే తెలుసు, రెండు పెడితే ఏది మాట్లాడుతుందో తెలీదు.

అప్పటిదాకా ఫెయిలైన ఫ్లైలలో వాల్ట్స్ వర్మ్ కూడా ఉంది, కావాలనే అదే కట్టా. కొత్త ఫ్లై కట్టి చేప పడితే మళ్ళీ ఏది పనిచేసిందో తెలీకుండా పోతుంది.

ఇంకొక మార్పు, నీళ్ళలోకి దిగొద్దు అన్నా. వేడర్లు కొన్నారు కదా అని ఆయన మొదటి రోజు నుంచి మధ్యలోకి వెళ్ళి నిలబడి ఎదురు గట్టుకి వేసేవారు, చేపలు ఉండే చోట్లోనే నిలబడి చేపలు లేని చోటికి వెయ్యడం అన్నమాట. కాలవ గట్టు మీద నుంచి లోతులోకి, దూరంగా వెయ్యడం చిన్నప్పటి అలవాటు, ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు. ఏది ఉంచాలో ఏది వదలాలో ఆయనకే చెప్పా: వేలు ఉంచండి, దూరం వదిలెయ్యండి, లాగుడు సగం చెయ్యండి.

ఏడో ఎనిమిదో డ్రిఫ్ట్ (ఫ్లై నీటితో ఒకసారి సాగడం). రంగు దారం నడుస్తూ నడుస్తూ ఊరికే ఆగింది. నేను చూసేలోపే ఆయన మణికట్టు కదిపారు. 11 అంగుళాల రెయిన్‌బో, మేమున్న చోటుకి ఎనిమిది అడుగుల దూరంలో. చెయ్యి తడుపుకుని పట్టుకోండి అని నేను చెప్తూనే ఉన్నా, ఆయన చేపకేసి చూస్తూ ఏమీ మాట్లాడలేదు. తర్వాత గంటలో ఇంకో రెండు, ఒకటి జారిపోయింది.

బెండు ఎందుకు మోసం చేసిందో అప్పుడు పూర్తిగా తెలిసింది. స్టాకింగ్ చేప ఎరని మింగి పారిపోదు, నోట్లో పెట్టుకుని, నచ్చకపోతే క్షణంలో ఉమ్మేస్తుంది. బెండుకీ ఫ్లైకీ మధ్య దారం వదులుగా ఉంటే ఆ కబురు బెండుకి చేరేలోపు అయిపోతుంది. ముందు సెషన్లలో కూడా చేపలు ముట్టుకునే ఉంటాయి, మాకు తెలిసుండదు.

ఇది నిజంగా బెండు వల్లేనా

ఒక్క పొద్దున మూడు చేపలు చూసి ఇదే మందు అనెయ్యకూడదు, చోటు కూడా మార్చాం కదా. అందుకని తర్వాతి రెండు వారాల్లో విడదీసి చూసాం. అదే రాళ్ళ దగ్గర మొదటి గంట బెండుతో, రెండో గంట బెండు లేకుండా: సున్నా, తర్వాత మూడు. మళ్ళీ వంతెన మడుగుకి ఒక వీక్‌డే సాయంత్రం వెళ్ళి బెండు లేకుండా: రెండు గంటల్లో ఒకటి, అది కూడా మడుగు మధ్యలో కాదు, పై నుంచి నీళ్ళు దిగే అంచులో. మూడోసారి రాళ్ళ దగ్గరే ఫ్లై మార్చి, వాల్ట్స్ వర్మ్ బదులు ఫెజెంట్ టెయిల్: రెండు. నా లెక్కలో మొదటి స్థానం డ్రిఫ్ట్‌ది, రెండోది చోటుది, ఫ్లై ఎక్కడో చివర.

అయితే ఇందులో ఒక లొసుగు ఉంది, దాచను. ఆ మధ్యలో ట్రక్ ఇంకోసారి వచ్చి చేపలు పోసి వెళ్ళింది. కొత్త చేప వెర్రిది. ఆ మూడులో ఎన్ని పాతవో ఎన్ని కొత్తవో నేను చెప్పలేను.

ఒక రోజు పూర్తిగా ఫెయిల్ కూడా అయింది, అది కూడా నా నిర్ణయమే. వాన పడితే నీళ్ళు రంగు మారి చేప ధైర్యంగా తింటుంది అని నేను వాన వెలిసిన రెండు గంటలకే రమ్మన్నా. అడవిలో వాగుకి ఆ మాట పనిచేస్తుంది. ఇక్కడ చుట్టూ పార్కింగ్ లాట్లు, ఇళ్ళ కప్పులు, తారు రోడ్లు, పడ్డ చుక్క ఇంకే చోటు లేదు, మొత్తం డ్రెయిన్ల లోంచి ఒక్కసారి క్రీక్‌లో పడుతుంది. వెళ్ళేసరికి కోకో రంగు నీళ్ళు, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కొట్టుకొస్తుంది. మర్నాడు సాయంత్రానికి తీసింది, లేత టీ రంగులోకి వచ్చింది, ఆయన ఒక్కరే వెళ్ళి నాలుగు పట్టారు. నోట్‌బుక్‌లో రాసుకున్నా: టౌన్ క్రీక్‌కి వాన అయ్యాక ఒక రోజు ఆగాలి.

జనంతో

జనం గురించి రావు గారికి బాగా కోపం ఉండేది మొదట్లో. తర్వాత ఆయనే ఒకటి గమనించారు, నేను గమనించలేదు: శనివారం 9 దాటాక మడుగులో రద్దీ పెరిగేకొద్దీ పైన రాళ్ళ గుంటల్లో తగలడం ఎక్కువవుతుంది. తరిమితే వచ్చాయో, ఊరికే అలా కలిసొచ్చిందో గానీ ఆయన మాత్రం శనివారాలు మడుగు నిండాకే బయల్దేరడం మొదలెట్టారు. మిగతా అంతా సర్దుబాటే, పక్కవాడి కింద ఎంత జాగా వదలాలో అడిగి నిలబడడం, పిల్లాడొస్తే ఇచ్చెయ్యడం. చిప్స్ పిల్లాడు ఒకసారి పైకి వచ్చి బెండు ఏది అంకుల్ అని అడిగితే వేలు చూపించారంట.

రెండు చేపలు ఇంటికి కూడా వెళ్ళాయి, రూల్ ప్రకారమే. పులుసు పెట్టారు, ముక్క విడిపోయింది, ఇంట్లో తీర్పు "ఇంత కష్టపడి తెచ్చారు, చప్పగా ఉంది." పెల్లెట్లు తిన్న చేప కదా. ట్రౌట్‌ని పులుసు పెట్టకండి, ఉప్పు కారం రాసి పెనం మీద తోలుతో వేయించండి, అదొక్కటే దారి.

ఎక్కడ ఆపాం, ఏం మార్చుకున్నా

జూన్ రెండో వారంలో పొద్దున 7కే నీళ్ళు 67 డిగ్రీలు. 68 దాటితే పట్టి వదిలిన ట్రౌట్ కూడా కోలుకోక చచ్చిపోవచ్చు, వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ, పెనుగులాటకి దానికి కావాల్సింది ఎక్కువ. మధ్యాహ్నానికి 70 దాటడం ఖాయం కాబట్టి రాడ్లు కట్టకుండానే వెనక్కి వచ్చేసాం. ఆ రోజుకి నోట్‌బుక్‌లో లెక్క: నన్ను కలవక ముందు ఆరు ట్రిప్పులు సున్నా, నాతో మొదటి రెండు సెషన్లూ, మూడో దాంట్లో కాఫీ దాకా సున్నా, కాఫీ తర్వాత తొమ్మిది ట్రిప్పుల్లో పంతొమ్మిది.

నా పద్ధతిలో మారింది రెండే. ఒకటి, ఒక సెషన్‌కి ఒక మార్పు, అది పనిచెయ్యకపోతే వెనక్కి తిప్పి ఇంకొకటి. రెండోది మొదటి అరగంటకి సంబంధించింది. ఇప్పుడు ఎవరొచ్చినా రాడ్ చేతికివ్వను, ఊళ్ళో నీళ్ళు ఏవి, చిన్నప్పుడు ఏం పట్టారు, దేంతో పట్టారు అని అడుగుతా. మొన్న ఒకావిడ శ్రీకాకుళం వైపు నుంచి, వాళ్ళ నాన్న తీరం నుంచి వల విసిరేవాడంట, ఆవిడకి రోల్ కాస్ట్ పది నిమిషాల్లో వచ్చింది, భుజం నుంచి కాకుండా నడుము నుంచి తిప్పుతుంది, నేను ఎవరికీ అలా నేర్పలేదు. ఇంకొకాయన చేప అంటే ప్లేట్లోదే తెలుసు అన్నాడు, సరే, ఆయనకి బెండుతోనే మొదలెట్టాం.

రావు గారు అక్టోబర్ స్టాకింగ్ అయ్యాక ఫోన్ చేసారు, లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) తర్వాత లిమిట్ 3కి తగ్గుతుంది కదా, అది గుర్తుచేసి మరీ రమ్మన్నారు. వెళ్ళా. ఆయన గుంట గుంటకీ ముందు నడుస్తూ రెండు పట్టారు. నాకు ఏమీ పడలేదు. మెండ్ చెయ్యండి అని వెనక నుంచి రెండు సార్లు అరిచారు, నా లైన్‌కి బెండు కూడా లేదు ఆ రోజు.